సంఘం కారుకు గంజి పెట్టిన మిస్త్రీ

భివండిలో నలభై ఏళ్లు బండ్లు బాగుచేసి, మోకాళ్లు ఇక వంగమని మొరాయించాక పని మానేసిన వాణ్ని. మానేసి మూడేళ్లయింది. ఇప్పటికీ మా తెలుగువాళ్లుండే పద్మనగర్ గల్లీలో ఏ బండైనా దగ్గినట్టు చప్పుడు చేస్తే నా చెవి అటే తిరుగుతుంది. "ఇంట్ల కూరగాయలు తెమ్మంటె మాత్రం ఇనవడదు" అంటుంది నా భార్య. అదీ నిజమే.

కొత్తగా పానా పట్టిన తమ్ముళ్లు అప్పుడప్పుడు వచ్చి, "నీ సర్వీసుల పెద్ద కేసు ఏంది మామా?" అని అడుగుతుంటారు. పెద్దవి నాలుగైదు ఉన్నాయి. అవి చెబితే నా మీసం మెలి తిరుగుతుందే తప్ప మీకు ఒరిగేదేమీ లేదు. అందుకని నా పరువు గంగలో కలవబోయిన కేసు ఒకటి చెబుతాను. అందులో నేను చేసిన తప్పు మామూలు మెకానిక్ ఎవడూ చెయ్యడు. దానికి మగ్గం ఇంట్లో పుట్టి ఉండాలి.

నేను అట్లాగే పుట్టాను. మా నాయన కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి కనేరిలో రోజుకు పన్నెండు గంటలు పవర్‌లూమ్ నడిపేవాడు. నన్నూ మగ్గాల మీద నిలబెట్టాడు. ఏడాది తిరిగేసరికి నేను నేసిన గుడ్డ కన్నా తెంపిన పోగులే ఎక్కువని తేలింది. "వీని చేతులు ఇనుముకే పనికొస్తయ్" అని టెంఘర్‌లోని ఒక గ్యారేజీలో అప్పగించి వచ్చాడు. ఆ గ్యారేజీ పెట్టిన పెద్ద ఉస్తాద్ పోయాక ఆయన కొడుకు ఉస్తాద్ అయ్యాడు. మేమిద్దరం ఒక ఈడు వాళ్లం, ఒకే ఆయిల్ డబ్బాలో చేతులు కడుక్కుని పెరిగాం. పుట్టుకతో ఉర్దూ మాట్లాడేవాడైనా, పద్మనగర్ గిరాకీలతో వాదించి వాదించి అతనికి మా తెలుగు వచ్చేసింది. తెలుగులో తిట్టాల్సి వస్తే నాకన్నా శుభ్రంగా తిడతాడు.

ఇక కారు సంగతి. మా కులసంఘానికి ఒక పాత కారుంది. గుండ్రటి దీపాలు, బొద్దు మూతి, లోపల సోఫాలాంటి సీటు. ఎప్పుడో ఒక మగ్గాల సేటు సంఘానికి ఇచ్చిపోయాడు. ఏడాదిలో పదకొండు నెలలు తాడిపత్రి కింద, అదే టార్పాలిన్ పట్టా కింద, నిద్రపోతుంది. శ్రావణ పున్నమి నాడు మాత్రం దానిదే రాజ్యం. ఆ రోజు మార్కండేయ స్వామి ఊరేగింపులో ఆ కారు వెనక ఒక ట్రాలీ కడతారు, ట్రాలీ మీద చెక్క చట్రం మగ్గం పెడతారు, దాని మీద ఒక పెద్దమనిషి స్వామికి కండువా నేస్తూ వస్తాడు. దానికో కట్టడి ఉంది. చక్రం తిరిగినంతసేపే నేయాలి. చక్రం ఆగితే మగ్గం ఆగాలి. గుడి ముందుకు చేరేసరికి కండువా పూర్తయి స్వామి భుజం మీదికి పోవాలి. పూర్తి కాలేదా, ఆ ఏడు స్వామికి దుకాణంలో కొన్న గుడ్డే గతి.

ఆ నేసే పెద్దమనిషిని మేమంతా కాకా అనేవాళ్లం. డెబ్భై ఎనిమిదేళ్లు. పవర్‌లూములు వచ్చి చేతిమగ్గాన్ని మింగేశాక ఆయన కూడా కార్ఖానాల్లోనే పనిచేశాడు. చేతిమగ్గం పట్టేది ఏడాదికి ఆ ఒక్కరోజు. ఆ ఒక్కరోజు కోసం నెల ముందు నుంచే పగ్గాలూ పలకలూ సర్దుకుంటూ పెళ్లికొడుకులా తిరిగేవాడు.

నేను చెప్పే ఏడుకు ముందటి ఏడు కారు నీళ్లు నిలుపుకోవడం మానేసింది. రేడియేటర్ నిండా పోస్తే మూడు గల్లీలు దాటేసరికి ఖాళీ. సరే అని కమిటీ వాళ్లు ట్రాలీని ఒక కొత్త టెంపోకు కట్టారు. ఇప్పటి టెంపోకు నడిచే మనిషితో సమానంగా పోవడం రాదు. క్లచ్చు వదిలితే ఎగురుతుంది, నొక్కితే ఆగుతుంది. ప్రతి కుదుపుకూ పడుగు పోగులు పట్టుమని తెగాయి. కాకా వాటిని అతికిస్తూనే ఉన్నాడు, గుడి రానే వచ్చింది, కండువా సగానికే ఆగింది. ఆ రోజు సంఘం భోజనాల్లో ఆయన విస్తరి ముందు కూర్చోలేదు.

అందుకే మరుసటి ఏడు కమిటీలో పెద్ద చర్చ. అధ్యక్షుడు ముప్పై రెండేళ్ల కుర్రాడు, మరాఠీ బడిలో చదువుకున్నవాడు, తెలుగులో మరాఠీ కలిపి మాట్లాడతాడు. మనిషి మంచివాడే, కానీ పెద్ద స్పీకర్ల బండి అంటే ప్రాణం. గ్యారేజీకి వచ్చి నాతో అన్నాడు:

"మామా, టెన్షన్ నకో. కారు మంచిగైతె కాకా మగ్గం పెడ్తం. పణ్ రోడ్డు మీద ఆగిందనుకో, అక్కడికక్కడ్నే మగ్గం దించి స్పీకర్ల గాడీ ముందటికి తెస్తం. మల్ల వచ్చేయేడు సంది మగ్గం ముచ్చటే వద్దు. పోరగాండ్లు నన్ను తింటున్నరు."

అతను పోయిన గంటకు కాకా వచ్చాడు. బెంచీ మీద కూర్చుని చాలాసేపు కారునే చూశాడు.

"ఏమంటవ్ కొడుకా, నడుస్తదా?"

"నడుస్తది కాకా. నేనున్న గద."

"మగ్గం దిగిందంటె ఇగ నేను ఎక్కేది లేదు. గదొక్కటి యాదికుంచుకో" అని లేచి వెళ్లిపోయాడు.

అప్పటికి పున్నమికి మూడు వారాలుంది. ఉస్తాద్ తన చెల్లెలి బిడ్డ నిఖా అని ఊరికి పోయాడు, పది రోజుల దాకా రాడు. పోతూ పోతూ ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు: "ముందు ఎక్కడ కారుతుందో దేవులాడు, తరువాత మూసెయ్. మూసేసి దేవులాడకు." తమ్ముళ్లూ, ఈ మాట మీ గ్యారేజీ గోడ మీద రాసుకోండి. మా గోడ మీద రాసే ఉండేది, ఉర్దూలో. నాకు చదవరాదు.

దేవులాడాను. దేవులాడలేదని కాదు. కానీ నీళ్లు ఎక్కడా బొట్టు బొట్టుగా పడడం కనిపించలేదు. రేడియేటర్ అడుగున మాత్రం కొద్దిగా తడి ఉంది. అదిగో దొంగ అనుకున్నాను. దాన్ని విప్పి కనేరిలో రేడియేటర్లు అతికే అతని దగ్గరికి తీసుకుపోతే తొట్టిలో ముంచి గాలి కొట్టి చూశాడు. "సన్న చెమ్మ, గంతే. దీంతోని గిన్ని నీళ్లు పోవు" అన్నాడు. నేను వినలేదు. ఏళ్ల తరబడి అనుభవం ఉన్నవాడికి చెవులు కొంచెం చిన్నవవుతాయి.

మొదట పసుపు వేశాను. ఇది లారీ డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యమే, రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వేస్తే సన్న చిల్లులు పూడుతాయి. పూడలేదు. రెండో గుప్పెడు వేశాను. నా భార్య వంటింట్లో డబ్బా ఖాళీ చూసి, "ఎవరి పెండ్లి కొడుకుకు పెడ్తున్నవ్ నలుగు?" అని అడిగింది.

ఆ మధ్యాహ్నం గ్యారేజీ ఎదురుగా చాయ్ తాగుతూ కూర్చున్నాను. ఎదురుగా సైజింగ్ కార్ఖానా. అంటే మగ్గం ఎక్కే ముందు పడుగు నూలుకు గంజి పట్టించి ఆరబెట్టే చోటు. గంజి పట్టకపోతే నూలు నూగు నూగుగా ఉండి మగ్గం మీద నిమిషానికోసారి తెగుతుంది. పడితే పోగు మీది నూగంతా అతుక్కుని నున్నగా తీగలా అవుతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కానీ ఆ రోజు ఆవిర్లు కక్కుతున్న ఆ గంజి తొట్టిని చూస్తుంటే నా బుర్రలో దీపం వెలిగింది. వెంట్రుక కన్నా సన్నని నూగును పట్టే గంజి, వెంట్రుకంత చిల్లును పట్టదా? పసుపు వేసేవాళ్లకు ఈ సంగతి తెలియదు, వాళ్లు మగ్గం ఇంట్లో పుట్టలేదు గదా అని జాలి కూడా పడ్డాను.

అర బకెట్ గంజి అడిగి తెచ్చాను. మంచి చిక్కటిది, మక్కపిండిది, కాస్త మైనం కూడా కలిసినది. నా కొత్త లుంగీలో వడగట్టి మరీ పోశాను. ఇంజన్ పది నిమిషాలు నడిపాను. చూస్తే ఏముంది, నీళ్లు తగ్గలేదు! రెండు గల్లీలు తిప్పుకొచ్చాను, తగ్గలేదు! ఆ సంతోషంలో అధ్యక్షుడికి ఫోన్ చేసి "పనైపోయింది" అని చెప్పాను. కాకా ఇంటికి పోయి చెప్పాను. ఆయన లోపలికి పోయి బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టాడు. ఆ తీపి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరునాడు ట్రాలీ కట్టి, ఊరేగింపు ఎట్లా పోతుందో అట్లా మొదటి గేరులో నడిపి చూశాను. అర కిలోమీటరు కాలేదు, వేడి ముల్లు ఎర్ర గీత దాటి అవతల కూర్చుంది. బానెట్ ఎత్తాను. ఇంజన్ లోంచి పొయ్యి మీది కుండలా గుడగుడమని చప్పుడు. చల్లారాక మూత తిప్పి చూస్తే తెల్లగా, జిగటగా, పసుపు చారలతో గడ్డకట్టి ఉంది. నా కారు పాయసం వండింది.

ఉడికితే గంజి చిక్కబడుతుందని ఏ ఇంటి ఆడకూతురినడిగినా చెబుతుంది. నేను ఎవరినీ అడగలేదు.

రెండు రోజులు గొట్టంతో నీళ్లు కొట్టాను, గాలి కొట్టాను. రేడియేటర్‌ను కనేరిలో పుల్లలు పెట్టి శుభ్రం చేయించవచ్చు. కానీ ఇంజన్ కడుపులో, నీళ్లు తిరిగే దారుల్లో పేరుకున్న దాన్ని ఎట్లా తీస్తాం? పై భాగం ఎత్తి చూద్దామంటే దాని కింద పరిచే పలచటి గాస్కెట్ ఇప్పుడు దొరకదు. పాతది చిరిగితే కారు ఆ తాడిపత్రి కిందే శాశ్వతంగా పడుకుంటుంది. అట్లా తలపట్టుకుని కూర్చున్న పొద్దున ఉస్తాద్ ఊరి నుంచి మిఠాయి డబ్బాతో వచ్చాడు.

 అతనే బానెట్ దగ్గరికి పోయి, మూత తీసి, వేలితో కాస్త తీసుకుని వాసన చూశాడు. నా వైపు తిరిగి చూశాడు. మళ్లీ వాసన చూశాడు.

"ఉప్పు తక్కువైంది మిస్త్రీ భాయ్" అన్నాడు.

ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టి బెంచీ మీద కూలబడ్డాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. నవ్వు అయ్యాక మిఠాయి డబ్బా తెరిచి నా ముందు పెట్టి, "ముందు ఇది తిను. తరువాత తిట్టుత" అన్నాడు. అన్నట్టే తిట్టాడు, పూర్తిగా తెలుగులోనే.

ఇద్దరం కలిసి వేడినీళ్లతో కడుగుతుండగా కాకా వచ్చాడు. నేల మీద తెల్లటి నీళ్లు కాలువ కట్టాయి. 

"ఏంది కొడుకా, పనైపోయిందంటివి?"

"సర్వీసింగ్ కాకా. లోపలి పైపులు కడుగుతున్నం. ఉత్తదే."

ఉస్తాద్ నా వైపు ఒక చూపు చూసి పానాలు సర్దుకోవడానికి అవతలికి పోయాడు. కాకా బెంచీ మీద కూర్చున్నాడు, చాయ్ తాగాడు, ఇంకేమీ అడక్కుండా లేచి వెళ్లిపోయాడు. బతికిపోయాననుకున్నాను.

ఆ రోజు అన్నం తింటూ నా భార్యకు ఉన్నదంతా చెప్పాను. లుంగీ సంగతి కూడా. ఆమె నవ్వలేదు. అన్నం కలుపుతూ ఆలోచించి అంది:

"మా తమ్ముడు చేసే కంపెనీల దినాం గదే పని గద. మగ్గం మీదికెల్లి వచ్చిన కోరా గుడ్డకు గంజి తీసినంకనే రంగేస్తరు. నువ్వు పెట్టినవ్, వాడు తీస్తడు. పొయి అడుగు."

నిజమే! కానీ ఆ తమ్ముడిని అడగడం అంటే నాకు విషం మింగినట్టే. అంతకు ముందే ఒకసారి వాడి స్కూటర్ స్టార్ట్ కావడం లేదని మా ఇంటికి తోసుకొస్తే, పెట్రోల్ లేకపోవడం చూపించి పదిమంది ముందు పరాచికాలాడి ఉన్నాను. బామ్మర్ది అలాంటివి మరిచిపోతాడా?

మరిచిపోలేదు. రంగుల కార్ఖానా గేటు దగ్గర నిలబడి నేను చెప్పిందంతా విని, చాయ్ గ్లాసు పక్కన పెట్టి, కడుపు పట్టుకుని నవ్వి, లోపలికి పోయి తన తోటి పనివాళ్లను ఇద్దరిని పిలుచుకొచ్చాడు.

"బావా, ఇంకోసారి చెప్పు. వీళ్లు ఇనలే."

చెప్పాను. ఏం చేస్తాను? అవసరం నాది. రెండోసారి లుంగీ దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ గోడకు ఆనుకున్నారు. కానీ ఆ సాయంత్రమే చిన్న డబ్బాలో గోధుమ రంగు మందు పట్టుకుని వాడే గ్యారేజీకి వచ్చాడు.

"ఇది గంజిని తింటది బావా. గుడ్డను ఏమనది, గంజినే తింటది. కని నీళ్లు కళపెళ మసలొద్దు. మసిలితె మందు సస్తది. చెయ్యి పెడితె సుర్రుమనాలె, గంతే. గంట సేపు గట్లనే ఉంచు."

అప్పటికి పున్నమి ఎనిమిది రోజుల్లో ఉంది. రేడియేటర్‌లో మందు పోసి, ఇంజన్ కాసేపు నడిపి, ముల్లు నడుమకు రాగానే ఆపి, చల్లబడగానే మళ్లీ నడిపి, నేనూ ఉస్తాద్ పసిపిల్లకు పాలు కాచినట్టు కాచాం. గంటకు కింది గొట్టం విప్పితే పలచటి కుడితిలాంటి నీళ్లు ధారగా వచ్చాయి. గడ్డలు లేవు! బామ్మర్ది బకెట్‌లో చెయ్యి పెట్టి వేళ్లు రుద్ది చూసి, "పోయింది" అన్నాడు. రెండోసారి మందు, మూడోసారి సబ్బు నీళ్లు, నాలుగోసారి మామూలు నీళ్లు. ఆ రోజు వాడికి మా ఇంట్లో కోడికూర. వాడి పీట ముందు నా చేత్తోనే నీళ్లు పెట్టాను.

గంజి పోయింది. దాంతో పాటు నీళ్లు మళ్లీ పోవడం మొదలుపెట్టాయి. మొదటికే వచ్చాం. కానీ ఈసారి ఉస్తాద్ నన్ను పక్కకు నెట్టి, చిన్న అద్దం, బ్యాటరీ లైటు పట్టుకుని తనే కారు కిందికి దూరాడు. అయిదు నిమిషాలకు కేకేశాడు.

"మిస్త్రీ భాయ్! గీడికి రా. నీ గంజి దొరికింది."

దూరి చూశాను. ఇంజన్ పక్కన, పొగ గొట్టం చాటున, ఎవరి కంటికీ ఆనని చోట ఇంజన్ ఒంటికి బిగించి ఉండే ఒక గుండ్రటి ఇనుప మూత ఉంది. పెద్ద నాణెమంత ఉంటుంది. దాని అంచు తుప్పు తిని పోయింది. ఆ అంచు నుంచి కిందికి తెల్లటి గడ్డంలా గంజి ఎండి వేలాడుతోంది. అసలు చిల్లు అదన్నమాట. అక్కడ కారిన నీళ్లన్నీ ఎర్రగా కాలే పొగ గొట్టం మీద పడి ఆవిరైపోతున్నాయి. నేల మీద బొట్టు పడదు, మనకు కనబడదు. నా గంజి మాత్రం ఆవిరి కాకుండా అక్కడే అంటుకుని దొంగను పట్టిచ్చింది. రేడియేటర్ కింది తడి ఉత్త చెమ్మేనని కనేరి అతను మొదటి రోజే చెప్పాడు.

"చూసినవా, నా గంజి ఎంత పని చేసిందో" అన్నాను.

"ఇంకో మాట మాట్లాడితె నీకే తాపుత గా గంజి" అన్నాడు ఉస్తాద్.

ఆ మూత కొత్తది బజార్లో దొరకలేదు. చివరికి మగ్గాల సామాన్లు చేసే లేత్ మిషన్ అతనికి కొలత ఇస్తే, ఇత్తడితో ఒకటి కోసి ఇచ్చాడు. బంగారు గిన్నెలా ఉంది. పాతది ఊడదీసి, కొత్తదానికి అంచున లప్పం రాసి, చెక్క అడ్డం పెట్టి సుత్తితో నెమ్మదిగా దించాను. మూడు రోజులు ట్రాలీ కట్టి తిప్పి చూశాం. నీళ్లు చుక్క తగ్గలేదు. అయినా ఈసారి నేను ఎవరికీ ఫోన్ చేయలేదు.

పున్నమి వచ్చింది. రాత్రంతా కురిసిన వాన పొద్దున్నే తెరిపిచ్చి, ఉక్కపోత మొదలైంది. కారుకు బంతిపూల దండలు, ట్రాలీకి మామిడాకులు. కాకా తెల్ల ధోతి కట్టి మగ్గం మీద కూర్చున్నాడు. పద్మనగర్ మొత్తం రోడ్డు మీదే ఉంది. స్టీరింగ్ నాది, పక్క సీట్లో ఉస్తాద్. మా వెనక ట్రాలీ, దాని వెనక స్వామి పల్లకి, ఆ వెనక ఆకాశమంత స్పీకర్ల బండి. దాని డ్రైవరు మా బంపర్ వైపే చూస్తూ ఉన్నాడనిపించింది నాకు.

మొదటి గేరు వేసి వదిలాను. నడిచే మనిషి పక్కన నడిచే మనిషిలా కదిలింది కారు. కుదుపు లేదు. వెనక నుంచి టక్, టక్ మని మగ్గం పలక కొట్టే చప్పుడు మొదలైంది. నా కళ్లు రోడ్డు మీద ఒకసారి, ముల్లు మీద పదిసార్లు. సగం దూరం దాకా ముల్లు నడుమలోనే బుద్ధిగా కూర్చుంది.

బజారు మలుపు దగ్గర నూలు బస్తాల టెంపో ఒకటి అడ్డంగా ఇరుక్కుపోయింది. ఊరేగింపు ఆగింది, చక్రం ఆగింది, మగ్గం ఆగింది. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. కారు కదిలితేనే గదా కాస్తయినా గాలి. ముల్లు లేచింది.

"ఆపనా?"

"ఆపితె మల్ల స్టార్ట్ గాదు" అన్నాడు ఉస్తాద్. "గింత వేడిల పెట్రోల్ పైపులనే ఆవిరైతది. ఆపకు."

అద్దంలో చూస్తే అధ్యక్షుడు స్పీకర్ల బండి దిక్కు నుంచి గబగబా వస్తున్నాడు. ముల్లు ఎర్ర గీతకు వేలెడు దూరంలో ఉంది. కాకా వైపు చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పుడే ఆ గల్లీ ఆడవాళ్లు వాకిళ్లలోంచి బిందెలతో దిగారు. స్వామి ఎవరి గడప ముందు ఆగితే ఆ ఇంటివాళ్లు పసుపు కలిపి వేపాకులు వేసిన నీళ్లు స్వామి కాళ్ల మీద ఆరబోయడం మా ఆచారం. వాళ్లు నీళ్లు పోయడానికి పల్లకి వైపు పోతుంటే ఉస్తాద్ కారు దిగి, బానెట్ ఎత్తి, మెడలోని రుమాలు తీసి కరెంటు పంచే డబ్బా తడవకుండా దాని మీద కప్పి, చేతులు జోడించి కేకేశాడు:

"అక్కలూ! స్వామి కాళ్ల మీద తరువాత పోద్దురు గని, ముందుగాల గీడ పొయ్యుండ్రి! గీ జాలీ మీదనే! ఇంజన్ మీద వద్దు, పగులుతది!"

 ఒక ముసలమ్మ పకపకా నవ్వి, "సామి ముందటనే ఉన్నది గద కారు, పోస్తె పున్నెమే" అని మొదటి బిందె రేడియేటర్ ముందు జాలీ మీద కుమ్మరించింది. ఆపైన వరుస కట్టారు. బుస్సుమని ఆవిరి, పసుపు వాసన, జాలీ నిండా వేపాకులు. అధ్యక్షుడు వచ్చేసరికి అతని చేతిలో కూడా ఎవరో బిందె పెట్టారు. అతనూ పోశాడు. ముల్లు ఆలోచించింది, ఆలోచించి దిగడం మొదలుపెట్టింది.

"నీ పసుపు గిప్పుడు పని చేసింది మిస్త్రీ భాయ్. బయటికెల్లి పొయ్యాలె, లోపటికెల్లి కాదు" అన్నాడు ఉస్తాద్, ఒళ్లంతా తడిసి.

టెంపో తప్పుకుంది. చక్రం కదిలింది. టక్, టక్. ఆ చప్పుడు వింటుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడానికేమీ లేదు, అప్పటికే అందరి ముఖాలూ తడిసే ఉన్నాయి.

గుడి ముందు నేను బ్రేకు నొక్కేసరికి కాకా చివరి పోగు కొట్టి కత్తెర అడిగాడు. కండువా కోసి రెండు చేతుల మీద ఎత్తి పట్టుకున్నాడు. మొదటి నుంచి చివరి దాకా ఒక్క అతుకు లేదు. అది స్వామి భుజం మీదికి పోతుంటే అధ్యక్షుడే అందరికన్నా గట్టిగా జై కొట్టాడు. ఆ తర్వాత నా చెవిలో, "మామా, వచ్చేయేడు కూడా కారు నీదే జవాబ్దారీ" అని చెప్పిపోయాడు. ఆ ఇత్తడి మూత ఇవాళ్టికీ చుక్క వదలలేదు.

కండువా కోశాక మగ్గం మీద మిగిలిన పడుగు పోగులను, ఆ రోజు పనిచేసిన వాళ్ల చేతులకు కట్టడం కూడా ఆచారమే. కాకా ముందు ఉస్తాద్‌కు కట్టాడు. తర్వాత నన్ను పిలిచి గుడి మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నా మణికట్టుకు పోగు చుట్టుతూ, తల ఎత్తకుండానే అడిగాడు:

"మక్కపిండి గంజేనా?"

చెయ్యి వెనక్కి లాక్కోబోయాను, ఆయన వదల్లేదు.

"అరువై ఏండ్ల సంది గా వాసనల్నే బతుకుతున్న. ఆ దినం గ్యారేజీల అడుగు పెట్టంగనే ఎరికైంది. నువ్వే చెప్తవని కూసున్న. చాయ్ అయిపోయింది గని నువ్వు చెప్పలే."

"తప్పైంది కాకా" అన్నాను. "మరి ఎరికుండి కూడ ఎట్ల ఎక్కినవ్?"

ఆయన ముడి బిగించి, మిగిలిన పోగును పళ్లతో కొరికి తెంపాడు.

"గంజి పెట్టినవ్ గదరా" అన్నాడు. "గంజి పెట్టినంక నడుమల తెగదు."

అప్పుడు చెప్పాను, పసుపు డబ్బా నుంచి మొదలుపెట్టి అంతా.